మిరుగు చేపలూ, మా అమ్మ తిట్టూ

ఈ మధ్య మా మనవరాలికి ఒక కొత్త పిచ్చి పట్టింది. జపానువాళ్ళు గీసిన బొమ్మల సీరియలు ఒకటి హిందీ మాటలతో ఫోనులో వస్తుందట, కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే మంచమెక్కి దాన్ని పెట్టుకుంటుంది. బొమ్మలంటే మన కాలపు కుందేలూ తాబేలూ అనుకునేరు. ఇందులో అంతా చీకటి, నెత్తురు, సముద్రపు హోరు. నడుము దాకా ఆడదీ, కిందంతా చేపా అయిన మత్స్యకన్యలు సముద్రంలో ఉంటారు, వాళ్ళ మాంసం తిన్న మనిషికి ఇక చావు రాదు. తిన్నవాళ్ళలో చాలామంది విషమెక్కి పోతారు, కొందరు చూడలేని వికార రూపాలవుతారు, ఏ ఒక్కరికో మాత్రం అది ఒంటికి పడుతుంది. అలా పడిన ఒక పిల్ల, తండ్రి ఆకులో చుట్టి తెచ్చిన ముక్కను తెలియక తిని, పడుచుతనం దగ్గరే ఆగిపోయి, కట్టుకున్నవాణ్ణీ కన్నవాళ్ళనూ తన చేతులతో పూడ్చుకుని, నాకు చావెక్కడ దొరుకుతుందని ఊరూరా వెతుక్కుంటూ తిరుగుతుంది.

ఆ కథ వినగానే నాకు ఒళ్ళు మండింది. చావు రాకపోవడం కూడా ఒక కష్టమేనా, తిన్నది అరగనివాళ్ళు అల్లుకున్న కథ కాకపోతే! నా ఈడువాళ్ళూ, సూరత్ మగ్గాల మధ్య పెరిగినవాళ్ళూ ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు చెప్పనక్కర లేదు. సూరత్‌లోని మా ఉధ్నా గల్లీలో నలభై దాటిన మగమనిషి దగ్గకుండా మెట్లెక్కితే మేం వింతగా చూసేవాళ్ళం. యముణ్ణి వెనక్కి పంపి పదహారేళ్ళకే ఆగిపోయిన మార్కండేయుణ్ణి కులదైవమని కొలిచే పద్మశాలీలం మేము, ఆయన పటం కిందనే మా మగవాళ్ళు పిట్టల్లా రాలిపోయారు. మా బాపు, అంటే మా నాన్న, పోయాడు, తర్వాత మా అన్న, ఆ తర్వాత మా తమ్ముడు.

మిగిలింది మా అమ్మ. తొంభైకి అటో ఇటో ఉంటుంది, కొడుకులు పోయాక నవాగామ్‌లో నా దగ్గరే ఉంటున్నది. చూపు దాదాపు పోయింది, చెవులు మాత్రం పాముచెవులు. మనవరాలి పక్కనే కూర్చుని ఆ సీరియలు వింటుంది, అర్థం కానిచోట ఆ పిల్ల సగం తెలుగు, సగం హిందీ కలిపి చెబుతుంది. ఆ రోజు నేను బియ్యం ఏరుతున్నాను. అమ్మ ఉన్నట్టుండి, "గా పిల్లను ఎవరు శపించిన్రే?" అని అడిగింది.

"ఎవరూ శపించలే తాతమ్మా, మఛ్లీ తిన్నది గదా, అందుకే చావు రాదు," అన్నది పిల్ల.

అమ్మ తనలో తాను అన్నట్టుగా, "నేను తినకపోతి గద బిడ్డా. మరి నాకెందుకు రాదు?" అన్నది.

పిల్ల నవ్వేసి ఫోనులో పడిపోయింది. నాకు మాత్రం చేతిలో చేట ఆగిపోయింది, ఎందుకంటే ఆ మాట ఎన్నేళ్ళ వెనక నుంచి వచ్చిందో నాకు తెలుసు.

మృగశిర కార్తె మొదలయ్యే రోజును మా వైపు మిరుగు అంటాం. ఎండలు వెనకపట్టి వానగాలి తిరిగే ఆ రోజున ఒక్క చేపముక్క కడుపులో పడితే ఏడాది పొడుగునా దగ్గూ ఆయాసమూ దగ్గరికి రావని నమ్మకం. కలిగినవాళ్ళు కొర్రమట్ట తెచ్చుకునేవాళ్ళు, లేనివాళ్ళు చిన్నచేపలతో సరిపెట్టుకునేవాళ్ళు, మొత్తానికి తినని ఇల్లు ఉండేది కాదు. మా అమ్మకైతే ఆ నమ్మకం ఉడుంపట్టు, ఎందుకంటే మా బాపుకు అప్పటికే దమ్ము, అదే ఆయాసం, పట్టుకుంది.

ఊరు విడిచి సూరత్‌కు వచ్చిన బాపు సాంచెల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. ఆ షెడ్డు కిటికీలన్నీ మేకులు కొట్టి మూసి ఉండేవి. "ఖిడ్కీ ఖోలేంగే తో తార్ టూటేగా," అనేవాడు సేఠ్. గాలి తగిలితే దారం తెగుతుందని ఆయన బాధ. దారం తెగకూడదు, దాని ముందు నిలబడిన మనిషి ఊపిరి తెగినా ఫరవాలేదు! సేఠ్ కూర్చునే గదికి మాత్రం వీధి వైపు పెద్ద కిటికీ, దానికి పూల కర్టెనూ ఉండేవి. బాపు ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద దారపు నుసి తెల్లగా పేరుకుని ఉండేది. నూనె గుడ్డతో ఆ రెప్పలు తుడవడం నా పని. బయటి నుసి తుడిచేదాన్ని గాని లోపలికి పోయినదాన్ని ఎవరు తుడుస్తారు?

మేం ఉన్నది ఒక గుజరాతీ పెద్దావిడ ఇంటి మేడమీది గదిలో. ఆమెను అందరూ బా అని పిలిచేవాళ్ళు, వాళ్ళ భాషలో అమ్మ అన్నట్టు. మాంసమూ చేపలూ ముట్టని ఇల్లు అది, గది ఇచ్చేనాడే ఆ సంగతి చెప్పి ఇచ్చింది. అందుకని ఏటా మిరుగునాడు అమ్మ నవాగామ్‌లో ఉండే మా చిన్నమ్మ గదిలో పులుసు వండేది, మేమంతా అక్కడే తిని, నోరు కడుక్కుని, సోంపు నమిలి ఇంటికొచ్చేవాళ్ళం. ఆ ఏడు మాత్రం చిన్నమ్మ ఊరికి వెళ్ళింది, బాపు మంచం దిగి మెట్ల దాకా నడవలేని స్థితిలో ఉన్నాడు. అమ్మ తెగించింది. చేపలను కొంగులో దాచి పైకి తెచ్చి, తలుపు గడియపెట్టి, కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి, గుప్పెడు అగర్బత్తీలు వెలిగించి, మా గదిలోనే పులుసు పెట్టింది. ఆ పొగకు బాపు దిండులో మొహం పెట్టుకుని దగ్గుతున్నాడు. ఇంకొంచెంసేపే, ఇంకొంచెంసేపే అంటూ అమ్మ అతని వీపు నిమురుతున్నది. అతనికి తలకాయ ముక్క ఇష్టమని దాన్ని విడిగా మూతలో తీసిపెట్టింది.

చేపల వాసన ఎక్కడైనా అగర్బత్తీలకు లొంగుతుందా? కంచం ముందు పెట్టేలోపల తలుపు మోగింది. బా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "మాఛ్లీ నహి, ఘర్‌మా నహి," అంటూ చేత్తో బయటికి చూపించింది. అమ్మ కదలలేదు. అప్పుడు బాపే, ఆ ముక్క ఎవరి కోసం వండిందో ఆ బాపే, ఊపిరి కూడదీసుకుని, "పారబొయ్యవే, రూం పోతది," అన్నాడు. అమ్మ కాలుతున్న గిన్నెను కొంగుతో పట్టుకుని మెట్లు దిగి, వీధి మురుగు మోరీలో వంపేసింది. తలకాయ ముక్కను కూడా.

ఖాళీ గిన్నెతో తిరిగొచ్చి, బా ఎదుట తల వంచుకుని నిలబడి, గొంతు పెంచకుండా తెలుగులో తిట్టింది. "నీకు సావు రావద్దు. నీ ఇంట్ల అందరు పోవాలె, నువ్వు ఒక్కదానివి కూసోని సూడాలె." ఒక్క మాటా అర్థం కాని బా, పాపం మా అమ్మ తప్పు ఒప్పుకుంటున్నదనుకుని, "ఠీక్ ఛే, ఠీక్ ఛే," అని ఆమె భుజం తట్టి కిందికి వెళ్ళిపోయింది. నాకు ఆరోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ వానాకాలం గడవకుండానే బాపు పోయాడు. సేఠ్ వచ్చి చూసి, కాష్ఠానికి కట్టెలు ఇప్పించాడు. మా అమ్మ ఆయనకు చేతులెత్తి మొక్కి, "నూరేండ్లు సల్లగుండు సేటూ," అని దీవించింది! తలచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి. కూర పారబోయించిన ముసలామెకేమో చావు రావద్దని తిట్టు, కిటికీలకు మేకులు కొట్టించినవాడికేమో నూరేళ్ళు బతకమని దీవెన. అన్నం పెట్టిన చెయ్యి అట! మిరుగు ముక్క తప్పినందుకే బాపు పోయాడని అమ్మ గట్టిగా నమ్మింది, ఆనాటి నుంచి తను కూడా మిరుగునాడు చేప ముట్టలేదు. ఊళ్ళో వానలు, మోరీలు, బా, ఆ గిన్నె, అన్నీ బాపును చంపినవే ఆమె లెక్కలో, ఒక్క షెడ్డు తప్ప. అందుకే కదా ఆ తర్వాత ఇద్దరు కొడుకులనూ అదే షెడ్డుకు పంపింది.

బా మాత్రం కొన్నేళ్ళకే, కొడుకులూ కోడళ్ళూ చుట్టూ ఉండగా నిద్రలోనే పోయింది. ఆ కబురు విన్నప్పుడు అమ్మ మొహంలో రంగు మారింది. తగలవలసినచోట తగలక తిట్టు తిరిగొచ్చిందనీ, తననే పట్టుకుందనీ అప్పుడే అనుకుందట. కొడుకులు పోయినప్పుడు ఆ అనుమానం కాస్తా స్థిరపడిపోయింది. ఇవన్నీ నాకు ఆమె అంతదాకా ఎన్నడూ విడమరిచి చెప్పలేదు, ఆ బొమ్మల పిల్ల చావు వెతుక్కోవడం విన్న మర్నాడే చెప్పింది. చెప్పి, "నన్ను ఆ బా ఇంటికి తీస్కపో. గడపకు మొక్కి నా మాట వాపస్ తీస్కుంట. గప్పుడన్న నాకు దారి ఇస్తడేమో దేవుడు," అన్నది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం పాపం జేసినవని మొక్కుతవే? మొగన్ని పోగొట్టుకున్నది నువ్వు, కొడుకులను పోగొట్టుకున్నది నువ్వు, మళ్ళ మాఫీ అడిగేది కూడ నువ్వేనా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. చివరికి మనవరాలే నా దగ్గరికొచ్చి, "చలో నాయినమ్మా, రిక్షాల పోయొద్దాం. తాతమ్మ దిల్ హల్కా అయితది," అని బతిమాలింది.

ఆ ఆదివారం ముగ్గురం ఉధ్నా వెళ్ళాం. బా ఇల్లు లేదు. ఆ స్థలంలో బట్టల గోదాము నిలబడి ఉంది, గడప ఉండవలసినచోట ఇనుప షట్టరు. అయినా అమ్మ రిక్షాలోంచే దానికి చేతులు జోడించింది. నేను మొహం అటు తిప్పుకున్నాను. రిక్షా వెనక్కి తిరిగి మలుపు దాటుతుండగా సాంచెల చప్పుడు మొదలైంది. అమ్మ తల చటుక్కున లేచింది.

"గిది మీ బాపు షెడ్డే గదా?"

"ఔనే."

"కిటికీలు తెరిచిన్రా?"

నేను రిక్షా ఆపించి చూశాను. మేకుల చోట ఇప్పుడు ఇనుపరేకులు బిగించారు. గేటు బయట ఎవరో ఒక మనిషి చాయ్ తాగుతూ దగ్గుతున్నాడు, మావాడు కాదు, ఏ దేశం నుంచి వచ్చాడో గాని రెప్పల మీద మాత్రం అదే నుసి. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదే. రేకులు కొట్టిన్రు," అన్నాను.

అమ్మ చాలాసేపు ఆ చప్పుడు విన్నది. "ఇన్నేండ్లు ఆ ముసల్దాన్నే తిట్టుకుంట కూసున్న గదనే," అన్నది చివరికి. "అది నా కూర పారబోయించింది. ఊపిరి తీసింది ఈడ."

"మరి తిట్టవే! ఇప్పుడు తిట్టు!" అన్నాను నేను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు ఓపిక లేదు బిడ్డా. నువ్వే తిట్టు," అన్నది అమ్మ.

నోరు మంచిది కాదని వాడంతా పేరున్న నాకు ఆ క్షణాన ఒక్క తిట్టు దొరకలేదు. చావమందామంటే సేఠ్ ఏనాడో పోయాడు. చావు రావద్దందామా అంటే ఆ షెడ్డుకు చావు లేనే లేదు. సాంచెలు మారాయి, యజమానులు మారారు, మనుషులను తింటూ అది మాత్రం అలాగే నిలబడి ఉంది. మా మనవరాలి సీరియల్లో ఆ మాంసం తిని బతికిపోయేది ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

మొన్న మిరుగునాడు మా అబ్బాయి కోసి కడిగిన చేపలు సంచిలో తెచ్చాడు. ఇప్పుడు ఇల్లు మాది, ఏం వండుతున్నారని అడిగేవాళ్ళు లేరు, వాసన వీధి చివరిదాకా పోయినా పక్కింటి ఆవిడ గిన్నె పట్టుకుని వస్తుందే గాని ముక్కు మూసుకోదు. ఎవరి కోసం ఇంత స్వేచ్ఛ కావాలనుకున్నామో వాళ్ళు మాత్రం ఒక్కరూ మిగల్లేదు. నేను అమ్మను ఏమీ అడగకుండానే కంచంలో ముక్క వేశాను. మనవరాలు, "తాతమ్మా, తినకు, మళ్ళీ చావు రాదు!" అని ఆటపట్టించింది. అమ్మ బోసినోటితో నవ్వి, తడుముకుని తలకాయ ముక్క వెతికి మూతలో పక్కన పెట్టి, ఇన్నేళ్ళ తర్వాత మొదటి ముద్ద తిన్నది.

అంతలో వాన మొదలై జల్లు లోపలికి కొడుతుంటే పిల్ల కిటికీ మూయబోయింది.

"మూయకు బిడ్డా," అన్నది అమ్మ. "గాలి రానియ్యి."

మంచం తడిసింది, కంచాల్లోకి చినుకులు పడ్డాయి, అయినా మాలో ఎవరమూ లేచి ఆ కిటికీ మూయలేదు.