నాగనాథ్ భట్టీ పగిలిన రోజు

రాజమౌళిది నాందేడ్ జిల్లా దెగ్లూరు దగ్గరి మర్ఖేల్. సెంటు భూమి లేని ఇల్లు. బతుకుతెరువుకని ఇరాక్‌లోని ఎర్బిల్ వెళ్లి, దారా అనే కుర్దు యజమాని రొట్టెల భట్టీలో పనికి కుదిరాడు. చిన్నప్పుడు యుద్ధానికి భయపడి తల్లిదండ్రులతో జర్మనీ చేరిన దారా, గొడవలు సద్దుమణిగాక సొంతూరికి తిరిగొచ్చి పెట్టిన దుకాణమది. తన ఊరివాడని నాగనాథ్‌ను అక్కడికి రప్పించింది రాజమౌళే. భట్టీ లోపలి వేడి గోడకు రొట్టె కొట్టడం చేయి పట్టి నేర్పిందీ అతనే.

మళ్లీ యుద్ధం దగ్గరికి రాగానే రాజమౌళి విమానమెక్కి వచ్చేశాడు. నాగనాథ్ ఉండిపోయి దారాకు కుడిభుజమయ్యాడు. కొన్నేళ్లకు, రాజమౌళి నాందేడ్‌లో హాస్టల్ మెస్సులో చపాతీలు కాలుస్తుండగా, నాగనాథ్ అదే నగరానికొచ్చి భట్టీ కట్టించాడు.

"కూలిపోయిన ఊర్ల దారా సాబ్ దుకాణం పెట్టిండు. మంచిగున్న ఊర్ల మనం పెట్టలేమా అన్నా? ముందల రొట్టె నువ్వే కొట్టాలె," అని ఇంటికొచ్చి పిలిచాడు.

అతను వెళ్లాక రాజమౌళి మొహం మాడింది. "నా చేతుల నేర్చినోడు నన్నే పిలువనీకి వచ్చిండు."

"పిలిస్తె తప్పా?" అంది భార్య శివవ్వ.

"పిలవకుంటెనే మంచిగుంటుండె."

దుకాణం తెరిచే రోజు రాజమౌళి లోపలికి వెళ్లలేదు. ఎదురుగా పాన్ ఠేలా దగ్గర నిలబడ్డాడు. లేస్తున్న ఆవిరి చూస్తేనే తెలిసిపోతోంది, భట్టీ లోపలి మట్టి ఇంకా పచ్చిగానే ఉందని. సన్నటి సెగ మీద రోజుల తరబడి ఆరబెట్టాలి. నాగనాథ్ ఎర్బిల్ వచ్చేసరికే అక్కడి భట్టీ మండుతోంది కాబట్టి, దాన్ని కట్టడంలో చేయి వేసిన రాజమౌళికి తెలిసిన ఆ సంగతి అతనికి తెలియదు. చుట్టాలు ఎదురు చూస్తున్నారని గబగబా కట్టెలు తోస్తున్నాడు.

ఒక్క కేక వేస్తే చాలు. రాజమౌళి పాన్ నములుతూ ఉండిపోయాడు.

టప్పుమని భట్టీ గోడ పగిలింది. జనం బయటికి పరుగెత్తారు. రాజమౌళి ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే నాగనాథ్ గుమ్మంలో నిలబడ్డాడు. "నువ్వు ఠేలా కాడ నిలవడ్డది చూసిన అన్నా. మట్టి పచ్చిగున్నదని నీకు ఎరికే గదా?"

నీళ్లు తెస్తున్న శివవ్వ ఆగిపోయింది.

"ఎరికే."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే నీది నిలవడుతుండె."

నాగనాథ్ గుమ్మం దిగి, మళ్లీ వెనక్కి తిరిగాడు. "నాకు నీ మీద కోపమే ఉన్నది. గని ఈడ భట్టీ కట్టుడు తెలిసినోనివి నువ్వే. నడువు," అన్నాడు.

రాజమౌళి వెళ్లాడు. పగిలిన మట్టంతా కొట్టేశాడు. కొత్త మట్టిలో మేక వెంట్రుకలు, ఉప్పు కలిపి తొక్కి గోడ మెత్తాడు. ఓపిగ్గా ఆరబెట్టాడు. భట్టీ నిలిచింది, రొట్టెలు అమ్ముడుపోతున్నాయి. మెస్సు మానేసి అక్కడే జీతానికి చేరాడు. భాగస్వామ్యం మాట నాగనాథ్ ఎత్తలేదు. ఎత్తడని రాజమౌళికీ తెలుసు.

గిరాకీలు గల్లాపెట్టె ముందు నిలబడి యజమాని నాగనాథ్‌ను "సేఠ్" అని పిలిస్తే, భట్టీ దగ్గరున్న రాజమౌళి ఇప్పటికీ ఒక్కోసారి తల తిప్పి చూస్తాడు.