పంచె కొస

పోయిన నెల ప్రొద్దుటూరులో మా భాయ్ కూతురి పెండ్లికి పోయాను. షాదీఖానాలో బిర్యానీ ముగించి, నా షుగరు సంగతి తెలిసినవాళ్లెవరూ చూడకుండా రెండోసారి మిఠాయి ఎట్లా వేయించుకోవాలా అని ఆలోచిస్తున్నాను. అంతలో పెండ్లికొడుకు తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఎంగిలి చెయ్యి అని చెబుతున్నా వినకుండా నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ గురించి మా వియ్యంకుడు శానా చెప్పినాడు సారూ. ఆ పొద్దు కొండవంక నీళ్లలో ఈ చేతులే లేకుంటే ఈ పొద్దు ఈ పెండ్లి లేదంట," అన్నాడు. పక్కనున్న నలుగురూ నా వైపు గౌరవంగా చూశారు. నేను నవ్వాననే అనుకుంటున్నాను. ఆ తర్వాత మిఠాయి వడ్డించేవాడు నా ముందుకొచ్చి నిలబడ్డా అతను ఏమడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. ఆ చేతుల సంగతి నాకు తెలిసినంతగా ఆ పెద్దమనిషికి తెలియదు.

మా ముగ్గురిదీ షుగరు స్నేహం. తొమ్మిదేళ్ల కింద ఒకే డాక్టరు గది ముందు, ఒకే బెంచీ మీద, రిపోర్టులు చేతిలో పట్టుకుని పక్కపక్కన కూర్చున్నవాళ్లం. నేను ప్రొద్దుటూరులో కాపురముంటూ రోజూ బస్సులో జమ్మలమడుగు పోయి హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని. భాయ్ పదకొండేళ్లు కువైట్‌లో లారీ తోలి వచ్చి, ఏసీలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. మూడో ఆయన పెద్దముడియం రైతు. మనవరాళ్ల చదువు కోసం టౌన్లో బాడుగిల్లు తీసుకుని, కాళ్లకు నల్లరేగడి తగలడం లేదని దిగులుపడుతుండేవాడు. ఆయన మాకు ఏమీ కాడు. కానీ ఆ మీసం, ఆ పంచెకట్టు చూస్తే ఎవరికైనా నోట్లోంచి మామా అనే పిలుపే వస్తుంది. డాక్టరు ముగ్గురికీ ఒకే మాట చెప్పాడు, నడవమని. నడిచాం. రెండేళ్లు తిరిగేసరికి ఊరి చుట్టూ మేం తొక్కని బాట లేదు. చాపాడు రోడ్డులో కుక్కలు మమ్మల్ని చూసి మొరగడం కూడా మానేశాయి. చదునులో నడిచీ నడిచీ విసుగెత్తి, మామ కొండ మాట ఎత్తాడు.

పులివెందుల దిక్కు ఒక పల్లె దగ్గర కొండెక్కాలి, కొండమీదనే రెండు రోజులు నడవాలి, మూడో రోజు ముద్దనూరు వైపు దిగి బస్సెక్కాలి. వయసులో ఉండగా ఒక కరువేడు మామ గొర్రెలను తోలుకుని ఆ కొండంతా తిరిగాడట. ఆ నమ్మకంతో కార్తీకంలో బయలుదేరాం. టీవీలో తుపాను అంటున్నారని మా ఆవిడ గుర్తుచేసింది. మామ తేలిగ్గా తీసేశాడు. "నెల్లూరు దాటి ఈడికొచ్చేతలికి ఆ తుపానుకే దప్పికయితాదమ్మా. మనకు వాన యాడిది?" అన్నాడు. వాన కోసం మొక్కుకున్నవాళ్లమే గాని వానకు జడిసినవాళ్లం కాదు మేము. మా ముగ్గురి మధ్యా ఉన్నది ఒక్క గొడుగు, అదీ నాది, దానికీ ఒక ఊచ లేదు.

మొదటి రోజు బాగానే గడిచింది. ఎక్కుతున్నప్పుడు సన్నటి తుంపర పడుతుంటే చల్లగా ఉందని సంతోషించాం. తడిసిన బోదగడ్డి వాసనకు మామకు పాత రోజులన్నీ గుర్తొచ్చి, ఏ బండ కింద ఏ గొర్రె ఈనిందో కూడా చెప్పుకుంటూ నడిచాడు. భాయ్ కువైట్ చలికాలంలో కొన్న లావుపాటి జాకెట్టు తొడుక్కొచ్చాడు. మెడ దగ్గర బొచ్చు, ముందర నాలుగు జేబులు. మేం ఎంత ఎగతాళి చేసినా విప్పలేదు. మధ్యాహ్నం ఒక బండ మీద కూర్చుని, మామ ఇంటి నుంచి వచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి తిన్నాం. అంత రుచి నేను మళ్లీ ఎరగను. దూరంగా ముద్దనూరు దిక్కున థర్మల్ పొగగొట్టాలు కనబడుతుంటే, వాటినే గురి పెట్టుకుంటే దారి తప్పమని లెక్కల మాస్టరుగా సలహా ఇచ్చాను. చీకటి పడకముందే గుహలాంటి ఒక గవిలో చేరి పడుకున్నాం.

తెల్లవారేసరికి పొగగొట్టాలు లేవు. ఎదురుగా ఉన్న కొండ కూడా లేదు. వాన మా సీమ వానలా వచ్చి పోయే రకం కాదు, ఆగడం తెలియని వాన. నా గొడుగు మొదటి గాలికే వెనక్కి తిరగబడింది. మామ యూరియా గోతాం ఒక మూలను ఇంకో మూలలోకి దోపి నెత్తికి తగిలించుకున్నాడు. కాళ్ల కింద నాపరాళ్ల పలకలు నూనె పూసినట్టు జారుతుంటే గంటకు ఒక ఫర్లాంగు కూడా నడవలేకపోయాం. నేను తెచ్చిన బొరుగులు సంచిలోనే ముద్దయ్యాయి. మధ్యాహ్నానికి మామ ఆగిపోయి, చుట్టూ చూసి, "బాట ఈడనే ఉండాలప్పా," అన్నాడు. ఆ గొంతులో గట్టిదనం లేదు. ఇంకో గవి దొరికితే అందులోకి దూరాం.

ఆ సాయంత్రమంతా వాన చప్పుడు వింటూ కూర్చున్నాం. "పదకొండేండ్లలో కువైట్‌లో నేను చూసిన వానంతా కలిపితే బకెట్టు నిండదు. అల్లా అదంతా ఈడ దాచిపెట్టినాడేమో," అన్నాడు భాయ్. మేం నవ్వాం. కాసేపటికి అతను నెమ్మదిగా, "దిగేటప్పుడు వంక ఉండాదంటివి గదా మామా. నాకు ఈత రాదు," అన్నాడు. అన్నేళ్లు సముద్రం పక్కన ఉండి ఈత రాకపోవడమేంటని అడిగాను. "నేను లారీలో ఉంటి సారూ, సముద్రంలో కాదు," అన్నాడు. మోకాళ్ల లోతు వంకకు ఈత ఎందుకని తేలిగ్గా చెప్పి, భుజం తట్టి, "నేను పట్టుకుంటాలే," అన్నాను. ఇది అబద్ధమాడాలని అన్న మాట కాదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు ధైర్యం చెబుతూ వచ్చినవాణ్ని. నాకు ధైర్యం ఉందనే అనుకుంటుండేవాణ్ని.

మూడో రోజు పొద్దున వాన కొంచెం తెరిపిచ్చింది. దిగాం. వంక మోకాళ్లు దాటి తొడల దాకా పారుతోంది, ఎర్రగా, కానీ దాటలేనంత ఏమీ కాదు. మామ కట్టె ఊతంతో సంచులు నెత్తిన పెట్టుకుని ముందు దాటి, వాటిని మెరక మీద పెట్టి బాట చూసొస్తానని గట్టెక్కాడు. ఆయన సంచిలోంచి ముందే తీసుకున్న మారు పంచెను నేను మెలిపెట్టి తాడు చేసుకుని రెండోవాణ్నిగా దాటి, అంచున ఉన్న ఒక పలక మీద నిలబడి, ఒక కొస భాయ్ వైపు విసిరాను. అతను సగం పైగా వచ్చేశాడు. కొస అందుకుని నవ్వాడు కూడా. అప్పుడు పైనుంచి రాళ్లు దొర్లుతున్న మోత వినిపించింది. ఎక్కడో కొండ నెత్తిన కురిసిన వాన అంతా ఒక్కసారి దిగింది. నేను తల తిప్పి చూసేలోపల నీళ్లు భాయ్ రొమ్ముకెక్కాయి, కాళ్లు లేచిపోయాయి. పంచె బిగిసింది. రెండు చేతులతో కొస పట్టుకుని అతను నీళ్ల మీద వేలాడుతున్నాడు. పలక మీద నా కాళ్లు జరిగాయి. ఒక జానెడు. ఇంకో జానెడు. నీళ్లు నా పిక్కలకు తగిలాయి.

పంచె జారిపోయిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జారిపోలేదు. నేను వేళ్లు విప్పాను. విప్పుతున్నానని తెలుస్తూనే ఉంది. భాయ్ నా మొహం చూడటం లేదు, నా చేతులే చూస్తున్నాడు. మరుక్షణం అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

మామ పరిగెత్తుకుంటూ దిగాడు. "భాయ్ యాడప్పా?"

"పంచె జారిపోయింది మామా," అన్నాను. నన్ను నిర్ఘాంతపరిచింది అదే. మనిషి కొట్టుకుపోయి నిమిషం కాలేదు, నా నోరు అప్పుడే నాకు కావలసిన మాట వెతికి పెట్టుకుంది.

గట్టు వెంబడి పరిగెత్తాం. అరవై దాటిన మనిషి, షుగరున్న కాళ్లతో, చెప్పులు లేకుండా ముళ్లకంపల్లో పడి పోతున్నాడు మామ. పిలుస్తూనే ఉన్నాడు. ఎంతసేపు పోయామో తెలియదు. ఒక మలుపు తిరిగాక మేకలు కనిపించాయి, వాటి వెనక కర్రలకు కట్టిన టార్పాలిన్ పట్ట, దాని కింద నుంచి పొగ. మేకలు కాసుకునే ఒక అవ్వ పొయ్యి ఊదుతోంది. ఆమె పక్కన, రెండు మేకపిల్లల మధ్య, భాయ్ కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఉండకూడని చోట వంగి ఉంది. ఆ చెయ్యిని మామ పంచెతోనే మెడకు కట్టారు.

అవ్వకు మేమంటే కోపంగా ఉంది. మేకలకు ఆకు కోసే దోటి కొక్కెం అతని జాకెట్టు మెడకు తగిలించి గుంజిందట. "ఆ బొచ్చుజూసి మేక కొట్టకపోతాండాదనుకుంటి," అంది. "ఇంత వానలో కొండలో మీకేం పని నాయనా?" మామ షుగరుకు నడక మంచిదని డాక్టరు చెప్పిన సంగతి వివరించబోయాడు. "నడిచేదానికి నేల ల్యాకపాయనా?" అంది అవ్వ.

భాయ్ నన్ను చూశాడు. తర్వాత మామ వైపు తిరిగి, ఎవరూ అడగకముందే, "నేనే అరిస్తి మామా, వదిలెయ్‌మని. ల్యాకుంటే సారు గూడా నాతో నీళ్లలోకి వచ్చేసుండు," అన్నాడు.

అతను అరవలేదు. మామకు నేను చెప్పింది వేరే మాట. మామ ఒకసారి నా కళ్లలోకి చూశాడు. కొట్టినా బాగుండేది. చూపు తిప్పుకుని, భాయ్ ముందు గొంతు కూర్చుని, తన కండువాతో అతని కాళ్లకు అంటిన బురద తుడవడం మొదలుపెట్టాడు.

ప్రొద్దుటూరులో భాయ్ చేతికి ఆపరేషను చేసి ప్లేటు వేశారు. నేను ఆసుపత్రికి పండ్లు తీసుకుపోయాను, అందరూ చేసే పనే. వాళ్లావిడ నాకు దండం పెట్టింది. ఆ తర్వాత పరీక్షల పని అని చెప్పి నడక మానేశాను. రెండు నెలలకు ఒక పొద్దున భాయే మా వాకిట్లో నిలబడి, "ఏంది సారూ, యాడా కనపడవు. షుగరు ఎక్కువ చేసుకుంటాండావా?" అన్నాడు. చెప్పులేసుకుని బయటికొచ్చాను. మామ శనగ కోతలకు ఊరికి పోయాడట, మేమిద్దరమే. డాక్టరిచ్చిన రబ్బరు బంతిని కుడిచేత్తో పిసుకుతూ నడుస్తున్నాడు భాయ్. ఊరు దాటాక, మాట బయటికొచ్చేదాకా వస్తుందని నాకే తెలియకుండా, "ఆ పొద్దు నువ్వు అరవలేదు భాయ్," అన్నాను.

అతను ఆగలేదు. ఒక పది అడుగులు నడిచాడు. "అరుద్దామనే నోరు తెరిస్తి సారూ," అన్నాడు. "నోట్లోకి నీళ్లు పోయినాయి."

నిజమా అని అడిగాను. రోడ్డు పక్క టీ అంగడి చూపించి, చక్కెర లేకుండా చెప్పమన్నాడు. ఇన్నేళ్లలో మళ్లీ ఆ మాట రానివ్వలేదు. మామ ఇప్పటికీ నన్ను ఏమీ అడగలేదు. వచ్చి నా పక్కనే నడుస్తాడు, వానల మాట, పంటల మాట మాట్లాడతాడు. యాభై మూడేళ్లు నాలోనే కలిసి బతికినా నాకు తెలియని మనిషిని ఆ పొద్దు వేళ్లు విప్పినంతసేపట్లో చూశాను. చూసినదాన్ని మరవడానికి మాత్రం మిగిలిన వయసంతా చాలేటట్టు లేదు.