గ్రామసభ అయ్యాక మారుద్దామనుకున్న ల్యాప్‌టాప్

పోయిన ఆదివారం మా ఆడపడుచు కూతురు ఖమ్మం నుంచి ఫోన్ చేసి, కుశల ప్రశ్నలన్నీ అయ్యాక, అత్తమ్మా, నా ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించింది, ఇప్పుడే కొత్తది కొనమంటావా, ఇంకో ఆరు నెలల్లో ఇంతకన్నా మంచివి వస్తాయంటున్నారు, అప్పటిదాకా ఆగమంటావా అని అడిగింది. కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల, ఏ యంత్రం గుణదోషాలైనా కూర్చున్న చోటనే తెలుసుకోగల పిల్ల, కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో గుర్తుండని నన్ను ఎందుకు అడిగిందో తెలియదు. ఆలోచించి చెబుతానమ్మా అని ఫోన్ పెట్టేశాను. సరిగ్గా అదే ప్రశ్న ఒకప్పుడు నా ముందుకొచ్చింది. ఆగుదామని నేను చెప్పిన జవాబు ఫలితం నాతో పాటు అడవి అంచున నలభై ఇళ్ల వాళ్లు అనుభవించారు.

మాది మధిర. స్టేషన్‌కు దగ్గరలో మా నాన్న టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. టైపు ఇన్‌స్టిట్యూట్ అంటే ఏమిటో మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒకే గదిలో పది మిషన్లు ఒక్కసారి మోగుతుంటే, బయట గూడ్సు బండి పోతుంటే, ఆ రెండు చప్పుళ్ల మధ్య వేళ్లు చూసుకోకుండా కొట్టడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక, బడిపంతులైన మా సారుతో భద్రాచలం దాటి గోదావరి పక్కనున్న ఒక మండలానికి కాపురానికి వచ్చాను. ఆ వైపు పంతుళ్ల భార్యలం భర్తల్ని సారు అనే అనేవాళ్లం, ఇంట్లో కూడా. ఆయనది వైరా పక్క పల్లె, నీళ్లున్న ఊరు. ఈ ఎండలకూ ఈ అడవికీ అలవాటు పడటానికి నాకంటే ఆయనకే ఎక్కువ కాలం పట్టింది. పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టాక, గూడేల్లో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను టైపు పనికి చేరాను.

అది రెండు వేల ఎనిమిది ప్రాంతం. అడవిలో తరతరాలుగా పోడు చేసుకుంటున్న వాళ్లకు ఆ భూమి మీద హక్కు పత్రం ఇస్తామని చట్టం వచ్చింది. ఎవరి చేను ఎక్కడుంది, దాని నాలుగు హద్దులేమిటి, ఎన్నాళ్లుగా దున్నుతున్నారు అన్నది దరఖాస్తులో రాయాలి, పెద్దల చేత సాక్ష్యం చెప్పించాలి, గ్రామసభ పెట్టి అందరూ ఔననాలి. మా సంస్థ వంతుకు వచ్చిన వాటిలో నలభై ఇళ్ల కోయగూడెం ఒకటి నాకు అప్పగించారు. బస్సు దిగి రెండు వాగులు దాటి నడిస్తే వస్తుంది.

నా చేతికిచ్చిన ల్యాప్‌టాప్ అప్పటికే ఇద్దరు వాడి వదిలేసింది. మీటల మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. అది నాకు లెక్కలోది కాదు, నేనెప్పుడు చూసి కొట్టాను గనుక! బాధల్లా వేడితోనే. మే నెలలో ఆ అడవి అంచున పావుగంట పనిచేస్తే పెనంలా కాలేది, ఇంకో పావుగంటకు దానంతట అదే ఆరిపోయేది. గూడెంలో కరెంటు ఉన్నరోజు ఉన్నట్టు, లేనిరోజు లేనట్టు. బడి వరండాలో ఒక స్టీలు పళ్లెం బోర్లించి, దాని మీద తడిగుడ్డ పరిచి, పైన ఇంకో పళ్లెం పెట్టి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కొట్టేదాన్ని. అన్నం ఉడికిందా అమ్మా అని అటుగా పోయేవాళ్లు నవ్వేవాళ్లు. అది బీడీలకు వాడే తునికాకు కాలం. తెల్లవారక ముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, ఎండ పొద్దుకు నీడన కూర్చుని కట్టలు కడుతూ మగవాళ్లు తమ హద్దులు చెప్పేవాళ్లు. ఫలానా ఇప్పచెట్టు, ఫలానా పుట్ట, రాళ్ల వరస, వాగు. వాళ్లు తమ భాషలో ఏదో అనుకుని, దాన్ని తెలుగు చేసి నాకు చెబితే నేను కొట్టేదాన్ని.

ల్యాప్‌టాప్ సంగతి విని పై ఆఫీసు వాళ్లు, కొత్తది తీసుకోవచ్చు, ఇప్పుడు తీసుకుంటారో గ్రామసభ అయ్యాక తీసుకుంటారో మీ ఇష్టం అని కబురు చేశారు. మా సారు వెంటనే తేల్చేశాడు. పాతది ఈ ఎండాకాలం దాటదు, ఇప్పుడే మార్చు, తర్వాతి సంగతి తర్వాత చూసుకుందాం అన్నాడు. అయినా ఒక మాట అడిగి వద్దామని, ఖమ్మంలో కంప్యూటర్లు బాగుచేసే మా మరిది దగ్గరికి ఇద్దరం పోయాం. అతను దాన్ని తిప్పి చూసి, ఫ్యాన్‌లో దుమ్ము ఊది, తల గోక్కుని చెప్పిన మాట ఇంకా గుర్తుంది.

"జర ఆగు వదినా. ఇప్పుడొచ్చేటియి అన్నీ కొత్త సిస్టంతోనే వస్తున్నయ్. మీ తెలుగు టైపు దాంట్ల ఎక్కది. నువ్వు కొట్టినయన్నీ పిచ్చి గీతలయితయ్. తెలుగుకు కొత్త సీడీ వస్తదంటున్నరు గని, రెండు నెలలో మూడు నెలలో."

గ్రామసభకు ఇంకా మూడు వారాలే ఉంది. కొన్నది వాడుకోలేం, ఉన్నది ఎప్పుడు ఆగుతుందో తెలియదు. మా సారు ఇప్పుడే అంటాడు, మరిది ఆగమంటాడు, వాళ్లిద్దరూ నా ముఖం చూస్తున్నారు. ఆగుదాం, గ్రామసభ అయ్యాకే మారుద్దాం అన్నాను. ఇన్నాళ్లకు దాచుకోవడం దేనికి, తెలుగు అక్షరాల సంగతి నిజమే గానీ, నా మనసులో ఇంకో కారణం కూడా ఉంది. కొత్త మిషన్ మీద నా వేళ్లు తడుముకుంటాయేమో, నాన్న దగ్గర నేర్చుకున్న ఆ వేగం పోయి కొత్తగా చేరిన పిల్లలా ఒక్కో అక్షరం వెతుక్కోవాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. ఆ భయానికి మరిది మాట మంచి సాకుగా దొరికింది.

ఇంకో కాపీ దాచుకోవచ్చు కదా అని మీరనవచ్చు. ఒక పెన్‌డ్రైవ్ ఉండేది. మండలంలోని జిరాక్సు షాపులో మొదటి పది దరఖాస్తులు ప్రింటు తీయించడానికి పోయినప్పుడు ప్రింటు రాకపోగా, అక్కడి కంప్యూటర్‌లో ఉన్న వైరస్ అంతా దానికెక్కి అందులోవి పాడయ్యాయి. దాన్ని మళ్లీ ల్యాప్‌టాప్‌కు పెడితే ఉన్నది కూడా పోతుందని భయపడి డబ్బాలో పడేశాను. అన్నీ పూర్తయ్యాక ఒకేసారి ప్రింటు తీయిద్దామనుకున్నాను.

గ్రామసభ పది రోజుల్లోకి వచ్చింది. ఆఖరి దరఖాస్తు కొడుతున్నాను. మధ్యాహ్నం, గాలి లేదు. ల్యాప్‌టాప్ లోపల టక్కు టక్కుమని, గోరుతో రేకు మీద కొట్టినట్టు చప్పుడు వచ్చి తెర నల్లబడింది. ఎప్పటిలాగే చల్లారాక లేస్తుందనుకున్నాను. లేవలేదు. తడిగుడ్డ మార్చాను, విసనకర్రతో విసిరాను, దేవుడికి మొక్కుకున్నాను. మర్నాడు ఖమ్మం తీసుకుపోతే మా మరిది చెవి దగ్గర పెట్టుకుని విని, డిస్కు పోయిందొదినా, ఇంక చేయగలిగింది లేదు అన్నాడు. ఆరోజే కొత్తది తెచ్చుకున్నాం. తళతళలాడుతోంది, చేయి పెడితే చల్లగా ఉంది, తెలుగు మాత్రం అతను చెప్పినట్టే పిచ్చి గీతలు. తిరుగు బస్సులో ఆ కొత్త డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, నేను ముందే చెప్పాను గదా అని మా సారు ఒక్క మాట అంటాడేమోనని భద్రాచలం దాకా చూశాను. ఆయన అనలేదు. అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, కొంత బరువు తగ్గేది.

గూడేనికి పోయి ఈ సంగతి ఎలా చెప్పాలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను గానీ, వరండాలో నలుగురూ చేరేసరికి అన్నీ మరిచిపోయి, మీరు చెప్పినవన్నీ పోయినయ్, తప్పు నాదే అన్నాను. గూడెం కమిటీకి పెద్దగా ఉన్న ముసలాయనే ముందుగా అందుకున్నాడు.

"పెట్టె కాలితే మా చేలు కాలినయా ఏంది అమ్మా? ఆడనే ఉన్నయ్ గద. మల్ల చెప్తం, మల్ల రాయి."

ఇక చేతిరాతే. కార్బన్ పేపర్లు, తెల్ల కాగితాలు, నాలుగు పెన్నులు. వేసవి సెలవులు కాబట్టి మా సారు కూడా వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఒకటి నేను, ఒకటి ఆయన. ఆరు రోజులు రాశాం. టైపు కొట్టినప్పుడు మగవాళ్లు నలుగురు తెర ముందు చేరేవాళ్లు, వాళ్లు చెప్పడం, నేను కొట్టడం, అంతే. చేత్తో రాస్తుంటే ప్రతి వాక్యం పైకి చదివి, ఔనా కాదా అని అడిగి రాయాల్సి వచ్చేది. ఆ చదవడం విని ఆడవాళ్లు ఆకు కట్టలు పట్టుకుని వరండా దగ్గరికి జరిగారు, తర్వాత వరండా ఎక్కారు. కాదు, ఆ పుట్ట పోయినేడు కూలిపోయింది అని ఒకరు, ఆ చెట్టు మా వైపుది అని ఒకరు దిద్దడం మొదలుపెట్టారు.

నాలుగో రోజున ఒకాయన హద్దులు చదువుతున్నాను. పడమర రాళ్ల వరస, ఉత్తరాన ఇప్పచెట్టు, తూర్పున వాగు అనగానే వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఆగు బిడ్డా. తూర్పుకు వాగు గాదు. తూర్పుకు నేనున్న."

ఆమెను నేనంతకు ముందు చూడలేదు. కూతురి కాన్పుకని చింతూరు వైపు పోయి నెలన్నర ఉండి, రెండు రోజుల కిందటే తిరిగొచ్చిందట. హద్దులు చెబుతున్న మనిషికి వదిన వరస, భర్త లేడు. వాగుకూ ఆ మరిది చేనుకూ మధ్యనున్న మెట్ట చెలక ఆమెది. మొదటిసారి మేం రాసుకున్నప్పుడు ఆమె ఊళ్లో లేదు, ఆమె గురించి ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. వాగు దాకా ఆయనదేనని నేనే, ఒక్క తప్పు లేకుండా, చక్కగా టైపు కొట్టాను.

ఆమె మరిది తల దించుకుని ఆకు కట్ట చుడుతూనే ఉన్నాడు.

"వదిన బిడ్డ కాడికి పోయింది. ఇగ ఆడనే ఉంటదేమో అనుకున్న. మూడేండ్ల సంది నేనే దున్నుతున్న గద."

"దున్నమన్న. నీదనుకోమన్ననా?" అందామె.

తర్వాత అందరూ వాళ్ల భాషలోకి వెళ్లిపోయారు. ఎవరూ గొంతు పెంచలేదు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వినడం, మళ్లీ ఇంకొకరు చెప్పడం. పెన్ను మూత పెట్టి మేమిద్దరం ఎదురుచూస్తూ కూర్చున్నాం. నాకు భయంగానే ఉంది. ఇల్లు రెండుగా చీలుతుందేమో, నా కాగితమే దానికి కారణమవుతుందేమో అనుకున్నాను. చాలాసేపటికి ఆ మరిది లేచి, ఆకు దుమ్ము దులుపుకుని, పా వదినా అని ముందు నడిచాడు. వెనక ఆమె, ఆ వెనక మేమందరం. ఎండలో చేనుకు పోయి, రెండు చెలకల మధ్య మట్టిలో కూరుకుపోయిన రాళ్లను ఆయనే కాలితో తన్ని బయటపెట్టి, ఇది రాయండి అన్నాడు. ఆమె దరఖాస్తు నేనే రాశాను. ఆమె వేలు గట్టిగా అదిమి ముద్ర వేసింది.

గ్రామసభ అనుకున్న రోజునే జరిగింది. తర్వాత కొలతలు, వాయిదాలు, తిరుగుళ్లు. పత్రాలు రావడానికి ఏడాది పైనే పట్టింది, కొందరికి రానే లేదు. ఆమెకు వచ్చింది; దున్నేదానికంటే కొంచెం తగ్గించి రాశారు. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇంట్లో తాటాకు కప్పు కింద దోపి పెట్టుకుంది. ఆ దారిన పోయినప్పుడల్లా నన్ను పిలిచి ఇప్పపువ్వు పెట్టేది. ఆ ల్యాప్‌టాప్ ఇంకో పది రోజులు నడిచి ఉంటే, ప్రింటు కాగితం మీద ఆమె మరిది వేలిముద్ర పడి, గ్రామసభలో గబగబా చేతులెత్తించి, ఆమె చేను ఆయన పేరున పోయేదేమో. అచ్చులో కనిపించిన అక్షరానికి అడ్డు చెప్పే ధైర్యం అప్పట్లో ఎంతమందికి ఉండేది? అలాగని నేను ఆగడం మంచిదైందని ఎప్పుడూ అనుకోలేదు. నేను చేసింది తప్పే. ఆ తప్పును ఆ గూడెం వాళ్లు వరండాలో కూర్చుని ఆరు రోజులు కష్టపడి బాగుచేశారు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది, కమిటీ పెద్దాయన అంతకు ముందే పోయాడు. మా సారు రిటైరయ్యాక భద్రాచలంలోనే ఉండిపోయాం. ల్యాప్‌టాప్ గురించి అడిగిన పిల్లకు జవాబు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ఆ రెండు వాగుల మీదా వంతెనలున్నాయి, కొలతలు ఆకాశం నుంచి తీస్తున్నారట, రాసిందేదీ పోదట, ఎక్కడో భద్రంగా ఉంటుందట. మంచిదే. నాకు మాత్రం ఆ నాలుగో రోజు మధ్యాహ్నం, మాకు అర్థం కాని భాషలో వాళ్లు ఒకరికొకరు ఏం చెప్పుకున్నారో తెలుసుకోవాలని ఉంటుంది. చివరికి తెలుగులో మాకు చెప్పింది మాత్రమే రాసుకున్నాను. ఆ మరిదిని లేపి నడిపించిన ఆ మాటలేమిటో అడగనేలేదు. చర్ల బస్సులో ఎప్పుడైనా ఆ భాష చెవిన పడితే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. ఎక్కువగా ముసలివాళ్లే మాట్లాడుతుంటారు. పక్కన కూర్చున్న పిల్లలు అంతా విని, తెలుగులో జవాబిస్తారు.