పది అడుగులేస్తే పిలుస్తాడనుకున్నా

2011లో, పెళ్లయిన కొత్తలో, అమెరికాలో మేముండే ఫ్రిస్కో నుంచి హవాయి వెళ్లాం. ఆకుపచ్చ ఇసుక ఉన్న బీచ్ చూడాలని నా ఆరాటం. సాయంత్రమే తిరుగు ఫ్లైట్. కార్ పార్క్ చేసిన చోటు నుంచి బీచ్‌కి మూడు మైళ్లు. జనాన్ని అక్కడికి చేరవేసే ట్రక్ అతను మనిషికి ఇరవై డాలర్లన్నాడు. నేను పదన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"పది అడుగులు నడవండి, అతనే పిలుస్తాడు," అన్నాను మా ఆయనతో. మా నాన్న బట్టల కొట్టులో బేరాలు చూస్తూ పెరిగినదాన్ని, నాకు తెలియదా?

పిలవలేదు. వెనక్కి తిరగడానికి పరువు అడ్డం. సగం దూరంలో అదే ట్రక్ జనంతో మమ్మల్ని దాటింది. అతను నవ్వుతూ చెయ్యూపాడు.

చివరికి కొండ అంచు చేరి చూస్తే, కింద పెసలు ఆరబోసినట్టు తీరమంతా పచ్చగా ఉంది. చిన్నపిల్లలా గంతులేశాను.

తిరుగు ప్రయాణానికీ అతను ఇరవయ్యే అన్నాడు. "ఎన్ని అడుగులు వేద్దాం?" అన్నారు మా ఆయన. నేనప్పటికే ట్రక్కెక్కి కూర్చున్నాను.

పక్కన ఇంకో కొట్టుంటేనే ఆ ఎత్తు పారుతుందని మా నాన్న నాకు చెప్పలేదు.