మునిగిన చెలక

సారయ్య బండి ఊళ్లోకి వచ్చిందంటే అక్కడ ఎవరిదో బంగారం పోయినట్టే. బండి వెనక పాత చీరలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి కట్టి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని చేపలు పట్టే సామాననుకుంటారు. తెలిసినవాళ్లు ‘మిషిని వచ్చింది’ అంటారు. ఒక కడ్డీ, దాని చివర అన్నం పళ్లెమంత చట్రం, చెవులకు తగిలించుకునే తీగ, అంతే ఆ మిషిని. పళ్లెం నేలకు ఆనీ ఆనకుండా ఊపుకుంటూ పోతుంటే, మట్టిలో ఇనుముంటే గుర్రుమంటుంది, వెండి బంగారాలుంటే సన్నగా కూస్తుంది. గుట్కా ప్యాకెట్టుకూ అలాగే కూస్తుంది, అదీ దాని దరిద్రం.

కోరుట్ల, మల్లాపూర్ పసుపు చేలల్లో, ఇటు గంభీరావుపేట వరి మళ్లలో ఆడవాళ్ల ఒంటి మీంచి జారిపోయిన కమ్మలు, పుస్తెలు, ముక్కుపుల్లలు ఎన్నో అతని చేతి మీదుగా మళ్లీ ఒంటి మీదికి ఎక్కాయి. పోయినేడు కోరుట్ల దగ్గర ప్రవళిక అనే కొత్త కోడలి కమ్మ పసుపు తవ్వుతుంటే పోయింది. వాళ్లత్త కూలికొచ్చిన ఆడవాళ్లందరి కొంగులూ విప్పించి చూసింది. సారయ్య ఒక పూటంతా తిరిగి గట్టు పక్కన కమ్మ తీసి చేతిలో పెట్టేసరికి, ఆవిడే ‘నేను ఎవర్నన్న ఒక్క మాటన్ననా’ అని అందరికీ వినబడేలా అంది. ఇలాంటి మనుషులకు సిగ్గు ఎక్కడ అమ్ముతారో కొనిపెట్టాలి.

ప్రవళిక మాత్రం మంచిది. చాయ్ తెచ్చిచ్చి నవ్వుతూ అడిగింది. “కాకా, గింతమందికి ఎతికిపెడ్తవు. నీదేమన్న పోతే గిట్లనే దొరుకుతదా?”

సారయ్య గ్లాసు కింద పెట్టేసి, చాయ్ తాగకుండానే బండెక్కాడు. పాపం ఆ పిల్ల తను ఏం తప్పు మాట్లాడిందో తెలియక చూస్తూ నిలబడింది.

ఇక గుప్తనిధుల పిచ్చోళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మిషిని ఉందని తెలిసిన నాటి నుంచి సారయ్య ఇంటికి నిమ్మకాయలు పట్టుకుని ఎవడో ఒకడు వస్తూనే ఉన్నాడు. ఫలానా గుట్ట మీద బిందెల నిండా బంగారముందట, సగం సగం పంచుకుందామట. ఒకసారి పోలీసులు కూడా తీసుకెళ్లి పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఈ గుట్టల కింద బతికిన తాతలు జొన్న గట్కకు గతిలేక చచ్చారు, వాళ్లు బిందెల్లో బంగారం దాచారట! సారయ్య మాత్రం ఎవరితోనూ వాదించడు. అతను ఆ మిషిని తెచ్చుకున్నది వేలెడు లావు లేని ఒక వెండి కడియాల జత కోసం. ఆ సంగతి భార్య పద్మకు తప్ప ఎవరికీ తెలియదు.

సారయ్యది సిరిసిల్ల అవతల, ఇప్పుడు మానేరు డ్యాం నీళ్ల కింద ఉన్న ఒక ఊరు. తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇల్లు. తాళ్లు కాక మూడెకరాల చెలక ఉండేది, అంటే వాన పడితే పండే మెట్ట చేను. పద్మకు తొలి కాన్పులో కొడుకు పుట్టాడు. తొట్టెలలో వేసిన నాడు పద్మ తండ్రి సిరిసిల్లలో చేయించిన కడియాలు తెచ్చి మనవడి కాళ్లకు తొడిగాడు. పిలుపు పేరు ఇంకా నోటికి అలవాటైనా కాలేదు, జ్వరం తగిలి వాడు రెండు రాత్రుల్లో చేతుల్లోంచి పోయాడు.

పసిపిల్లల్ని కాల్చరు, పూడ్చిపెడతారు. అక్కడికి తల్లిని రానివ్వరు. పద్మను నలుగురు ఆడవాళ్లు గట్టిగా పట్టుకుంటే, సారయ్య, అతని తండ్రి బిడ్డను తువ్వాలలో చుట్టుకుని చెలకకు పోయారు. తండ్రి కడియాలు తియ్యబోతే సారయ్య వద్దన్నాడు. కాళ్లు బోసిగా ఉంటే చూడలేననిపించింది. నడుం లోతు తవ్వి, పెట్టి, మట్టి కప్పి, దున్నిన నేలలో కలిసిపోయేలా చదును చేసి వచ్చారు. రాయి పాతలేదు, ఏ గుర్తూ పెట్టలేదు.

ఇంటికి రాగానే మేనత్త లచ్చవ్వ సారయ్యను దొడ్లోకి పిలిచింది. “సారిగా, జాగ దానికి చూపియ్యకురా. తల్లి కాలు ఆడ వడ్డదంటే మళ్ల కడుపు నిలువది. ఎంత ఏడ్చినా నోరు ఇప్పకు” అంది.

సారయ్య నోరు విప్పలేదు. ఆ చెలకలోనే పద్మ పత్తి ఏరింది, కలుపు తీసింది. బిడ్డ ఉన్న మూలకు ఆమె పోతే సారయ్య ఏదో ఒక పని చెప్పి ఇవతలికి పిలిచేవాడు. అడిగినప్పుడల్లా, “ఇంకోడు పుట్టనియ్యే, ఇద్దరం పోయి సూద్దాం” అనేవాడు. ఇంకోడు పుట్టలేదు. కరీంనగర్ ఆసుపత్రులు తిరిగారు, మొక్కులు మొక్కారు, చెట్ల మందులు తాగారు. ఏళ్లు గడిచిపోయినా అతను చెప్పలేదు. చూపించడమంటే ఇక మనకు పుట్టరని తన నోటితో తను ఒప్పుకోవడమే. అంత ధైర్యం సారయ్యకు లేకపోయింది.

తాళ్లు ఎండిపోయాక మస్కట్ పోయాడు. సముద్రం ఒడ్డున చెత్త ఏరి ఇసుక చదును చేసే పని దొరికింది. అక్కడుండగానే ఊరు ఖాళీ చెయ్యమన్నారని పద్మ ఫోన్ చేసింది. అప్పటికి తండ్రి పోయాడు. ఆ జాగ తెలిసినవాడు భూమ్మీద సారయ్య ఒక్కడే.

“ఇప్పుడన్న జెప్పు. ఏ మూలకు పెట్టిండ్రు? పిడికెడు మన్నన్న కొంగుల కట్టుకపోత” అంది పద్మ.

“నేనచ్చినంక చూపిస్తనే. నీళ్లు గిప్పుడే యాడొస్తయి? డ్యాం డ్యాం అని ఎన్నేండ్లసంది అంటున్నరు, వచ్చినయా?” అన్నాడు సారయ్య. పద్మకు అప్పుడు నలభై దగ్గర పడుతున్నాయి. అయినా అతనికి ఏ మూలో ఆశ, ఈసారి సెలవుకు పోయినప్పుడు కడుపు నిలుస్తుందేమోనని. ఆ వానాకాలమే నీళ్లొచ్చాయి.

సెలవు దొరికి వచ్చేసరికి కళ్లు ఆనినంత దూరం నీళ్లే. పునరావాస కాలనీ ఇంట్లో పద్మ అన్నం పెట్టింది, పక్క వేసింది, అరవలేదు, తిట్టలేదు. “చెప్తే నీ నోటి ముత్యాలు రాల్తుండెనా?” అని మాత్రం అంది. సారయ్య ఆ మాటను మస్కట్ దాకా మోసుకుపోయాడు. అక్కడ ఇసుకలో ఒక ముసలి దొర ఈ మిషిని పట్టుకుని ఎవరివో ఉంగరాలు తీస్తుంటే చూశాడు. ఆ దొర వెనకాల తిరిగి తిరిగి పని నేర్చుకున్నాడు. ఆయన దేశం పోతూ పాత మిషిని ఇచ్చిపోతే, సారయ్య కూడా ఉద్యోగం వదిలి ఇంటికొచ్చేశాడు.

అప్పటి నుంచి ఎండాకాలమంతా అతనికి ఇదే పని. పంటలకు నీళ్లు వదిలాక డ్యాం దిగిపోతుంది, మునిగిన నేల బయటపడుతుంది. దాని మీద పచ్చగా గడ్డి మొలుస్తుంది, గొర్లు మేస్తాయి. చూడ్డానికి ఎంత బాగుంటుందో, సారయ్యకు అంత మంట. గట్లు కరిగిపోయాయి, బాయి పూడిపోయింది, గుర్తనుకున్న రేగుచెట్టు మొదలు కూడా లేదు. తన చెలక ఏదో తనకే తెలియక, ఇవాళ ఇదే అనిపించిన చోటు రేపు కాదనిపిస్తుంది. మిషిని జానెడు లోతు దాటి వినలేదు. కానీ అలలు పైమట్టిని కోసుకుపోయి ఉంటే కడియాలు పైకి తేలి ఉంటాయి, అవి దొరికిన చోటే వాడి చోటు. ఆ ఒక్క లెక్క మీద బతుకుతున్నాడు. పద్మ రోజూ సద్ది కట్టుకుని వెంట వచ్చి, ఒడ్డు మీద గొడుగు వేసుకుని కూర్చుంటుంది.  అతను వంగినప్పుడల్లా లేచి నిలబడుతుంది, సీసా మూతో మేకో చూపించి చెయ్యి ఊపితే మళ్లీ కూర్చుంటుంది.

ఈ ఏడు నీళ్లు ఎన్నడూ లేనంత దిగాయి. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ సారయ్య తువ్వాల తడుపుకుందామని నీటి అంచుకు పోయాడు. పోతూ పోతూ అలవాటు కొద్దీ పళ్లెం ఊపాడు. అంచు పొడుగునా గుర్రులూ కూతలే. వలల సీసపు గుండ్లు, తలుపు బందు ఒకటి, మేకులు, తుప్పుపట్టిన తాళం, రెండు రూపాయల బిళ్ల తీసి పక్కన కుప్ప పోశాడు. ఆ తర్వాత సన్నటి కూత ఒకటి వినిపించింది. బురదలో వేళ్లు పెట్టి లాగితే నల్లగా ఒక కడియం వచ్చింది.

నీళ్లలో కడిగాడు. కొడుకు కాలు మరీ సన్నం, కడియం జారిపోతుందని తొట్టెల నాడు సారయ్యే పంటితో కొరికి కొసలు దగ్గరికి నొక్కాడు. ఆ పంటి గాటు అలాగే ఉంది.

కడియం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఒక్క క్షణం సంతోషం పొంగుకొచ్చింది, నిజమే. ఆ వెంటనే చుట్టూ చూశాడు. ఇసుక ఒడ్డున అన్నేళ్లు పనిచేసినవాడికి ఈ వరుస ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. అలలు ఎక్కడెక్కడివో బరువైన వస్తువులన్నీ ఈడ్చుకొచ్చి, నీటి అంచున ఒక గీతలో పడేస్తాయి. అక్కడ దొరికింది ఏదీ అక్కడిది కాదు. ఎవరి ఇంటి తలుపు బందో, ఎవరి పెట్టె తాళమో, వాటితోపాటే ఈ కడియం. అంటే ఆ గుంత ఎప్పుడో తెగిపోయింది. వాడు అందులో లేడు. ఎక్కడా లేడు. ఇన్నేళ్లు వెతికింది ఇప్పుడు అరచేతిలో ఉంది, వెతకడానికి మాత్రం ఇక ఏ చోటూ మిగల్లేదు.

కడియం జేబులో వేసుకుందామనుకున్నాడు. దొరకలేదని చెప్పి వచ్చే ఏడు, ఆ పై ఏడు ఇలాగే తిరుగుతూ ఉంటే పద్మకు ఆశ ఉంటుంది. కానీ అతను ఎంతకీ లేవకపోవడం చూసి పద్మ గొడుగు వదిలేసి వచ్చేసింది. వచ్చి, అతని గుప్పిలి తనే విప్పింది.

ఆమె ఏడ్వలేదు. కడియాన్ని చెంపకు ఆనించుకుని అడిగింది. “గిదేనా జాగ? గీడనే పెట్టిండ్రా?”

నిజం చెప్పాలని సారయ్యకు ఉంది. జీవితంలో ఒక్కసారి, అడిగినప్పుడు చెప్పాలని. కానీ ఆమె మొహంలో ఎన్నడూ చూడని తేటదనం ఉంది. ఆ మొహం మీద ఆ నిజం ఎలా కొడతాడు?

“గీడనే” అన్నాడు.

పద్మ చెప్పులు విడిచి అవతల పెట్టింది. నేలకు చెయ్యి ఆనించి కళ్లకద్దుకుంది. అప్పుడు, “తవ్వు” అంది.

“ఎందుకే? మన్ను తీస్కపోదామంటివి గదా. గీ పై మన్నే కొంగుల కట్టుకో.”

“మన్నెందుకు? మళ్ల నీళ్లస్తయి. వాణ్ణే తీస్కపోత. వాని బొక్కలన్న ఉంటయి గదా” అంది పద్మ. “ఎంత లోతు పెట్టిండ్రు?”

“నడుం లోతు” అనేశాడు సారయ్య. అబద్ధం ఆడ్డం అలవాటైన మనిషికి ఆ ఒక్క నిజం ఎలా జారిందో అతనికే తెలియదు.

ఇక తవ్వక తప్పలేదు. వెంట తెచ్చుకున్న పార వేస్తుంటే తడి ఇసుక, ఒండ్రు వస్తున్నాయి. తవ్వినకొద్దీ గుంతలోకి నీళ్లు ఊరుతున్నాయి, అంచులు విరిగి పడుతున్నాయి. అందులో ఏమీ లేదని, ఏమీ ఉండదని అతనొక్కడికే తెలుసు. మోకాలి లోతు దిగాక ఆగి పద్మ వైపు చూశాడు, చాలు అంటుందేమోనని. ఆమె కడియం గుప్పిట్లో పట్టుకుని గుంత అంచున కూర్చుని కళ్లార్పకుండా లోపలికే చూస్తోంది.

అతను మళ్లీ పార ఎత్తాడు.

“మెల్లగ” అంది పద్మ. “పోరనికి తాకుతది.”

సారయ్య పార అవతల పెట్టి, బురదలో మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు.