బాట కేసుల లాయరమ్మ

మా చిన్నమ్మాయి వకీలు. జనగామ కోర్టులో నల్లకోటు వేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, మా ఇంటి మెట్లెక్కి వచ్చేవాళ్లంతా ఒక్క పని మీదే వస్తారు. పొలం ఉంది, పొలానికి పోయే బాట లేదు.

ఇదేం పెద్ద కష్టమని పట్నం వాళ్లు అనుకోవచ్చు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు రోడ్డు పక్క భాగం ఒకరికి, లోపలి భాగం ఒకరికి వస్తుంది. లోపలాయన ముందాయన పొలం ఒడ్డు మీద నుంచి నడుస్తాడు. ఎడ్లబండ్ల కాలంలో ఎట్లాగో నడిచింది. ఇప్పుడు ట్రాక్టరు పోవాలి, వరికోత మిషన్ పోవాలి. ముందాయన రాతి కడీలు పాతి తీగ చుట్టాడంటే, లోపలాయనకు భూమి ఉండీ లేనట్టే. పండిన పంట కళ్ల ముందే రాలిపోతుంటే రోడ్డు మీద నిలబడి చూడాలి.

మా పిల్ల ఈ పనిని కోరి పట్టుకోలేదు. చదువు అయిపోయాక కొన్నేండ్లు ఒక పెద్ద వకీలు దగ్గర జూనియరుగా చేసింది. ఆయనకు వచ్చే మంచి కేసులు పాత జూనియర్లకు పోయేవి. బాట కేసులు మాత్రం ఎవరికీ వద్దు. ఏండ్లు పడతాయి, ఊర్లు తిరగాలి, బురద తొక్కాలి, గెలిచినా దక్కేది ఒక బండి పట్టేంత మట్టి. అవన్నీ వచ్చి మా పిల్ల బల్ల మీద పడేవి. తోటివాళ్లు దానికి బాటల లాయర్ అని పేరు పెట్టారు. ఇంటికొచ్చి ఏడుస్తుందేమో అనుకున్నాను. అది అన్నం కలుపుకుంటూ, పేరు బాగానే ఉందమ్మా, బోర్డు మీద రాయిస్తే ఎట్లుంటది అని అడిగింది.

దానికి దారి దొరికింది భూపాలపల్లి దిక్కు, చిట్యాల దగ్గర ఒక పత్తి చేను కేసులో. పాపం, ఆ మొగుడూ పెండ్లాలు పత్తి మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా మోసేవాళ్లు. కోర్టులో ఈయన సర్వే నంబర్లు చెప్తాడు, ఎదుటాయన సర్వే నంబర్లు చెప్తాడు, ఎవరి పాసుబుక్కులోనూ బాట ఊసు లేదు. మా పిల్ల బస్సెక్కి ఆ ఊరికి పోయింది. మగవాళ్లు చెప్పేది విని విని విసిగిపోయి, చివరికి ఆయన భార్యను అడిగిందట, కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు చేనుకు సద్ది ఎటు నుంచి తెచ్చేదానివి అని. ఆమె మాటలతో చెప్పలేదు. గంప నెత్తిన ఉన్నట్టే ఒక చేయి పైకెత్తి నడిచి చూపించింది. ఎదుటాయన తల్లి, ముసలామె, ఒడ్డు మీద కూర్చుని చూస్తున్నదల్లా ఉండబట్టలేక అన్నదట:

"గాడ గాదే. రేగుచెట్టు అవుతలికెల్లి పోయేటోళ్లం గద."

కొడుకు మొహం చూడాలట అప్పుడు. ఆ కేసు మళ్లీ కోర్టు గడప తొక్కలేదు.

అప్పటి నుంచి దాని పద్ధతి అదే. ముందు నడవాలి, కాగితం తర్వాత. రెండు దిక్కులవాళ్లనూ పొలంలోకి దింపుతుంది, ఆడవాళ్లను ముందు నడవమంటుంది. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలని వాటికే కేసు వేస్తుంది.

సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక విడాకులవి, చెక్కులవి వస్తే వేరే వకీళ్ల దగ్గరికి పంపించేది. మా ఇంటాయన పత్తి మార్కెట్లో కాంటా దగ్గర పని చేసి అలసి వచ్చే మనిషి, ఏమీ అనలేదు. నేనే ఊరుకోలేకపోయాను. ఇంటికి వచ్చిన పనిని వద్దంటే రేపు ఎవరు వస్తారని అడిగాను.

"అన్ని చేస్తె అందరిల ఒకదాన్నయిత అమ్మా. ఒక్కటే చేస్తె, ఆ ఒక్కదానికి నా దగ్గరికే వస్తరు."

రావడానికి ఏండ్లు పట్టింది. మహబూబాబాద్ దగ్గర ఒక మిర్చి రైతుకు బాట వచ్చింది. ఆయన తన బావమరిదిని పంపాడు, ఆ బావమరిది తన ఊరి సర్పంచిని వెంటబెట్టుకుని వచ్చాడు. అట్లా నోటి మాట మీదే పాకింది. మా ముందటి అర్రే, ఆ చిన్న గదే ఆఫీసు. పొద్దటి బస్సుకు వచ్చినవాళ్లు తినకుండా వస్తారు గనక, ఉప్మానో సర్వపిండో పెట్టి చాయ పోసేది నేను. వాళ్ల మాటలు నా చెవిన పడేవి. ఒకటి గమనించాను. వాళ్లు బాట గురించి వస్తారు గానీ, చెప్పేది బాట గురించి కాదు. ఫలానా పెండ్లికి నన్ను పిలవలేదు, నా బర్రెను కట్టెతో కొట్టాడు, నలుగురిలో నన్ను ఒరే అన్నాడు. కడీలు పాతేది తర్వాత. అంతకుముందే మనసులో తీగ చుట్టుకుని ఉంటారు. ఇదంతా ఊరివాళ్ల సంగతి అనుకుంటూ వింటుండేదాన్ని.

ఒక ఎండాకాలం, యాసంగి కోతలప్పుడు, కొడకండ్ల అవతలి తండా నుంచి ఒకామె వచ్చింది. నా ఈడుదే. లోపలి భూమి, వరి పండి తల వంచింది, ముందటి ఆసామి తీగ చుట్టాడు, కోత మిషన్ రోడ్డు మీదే ఆగింది. రాళ్ల వాన పడేట్టుంది అంటున్నారు. ఏ ఊరు, ఎవరి భూమి వెనక అని మా పిల్ల అడిగింది. మోదుగుల మడి వెనక అన్నదామె.

మోదుగుల మడి మా బాపుది. ఇప్పుడు మా తమ్ముడిది.

పిల్ల వెంటనే చెప్పేసింది, ఆ కడీలు పాతింది నా మేనమామ, మీ దిక్కు నేను వకాలత్ వేస్తే బాగుండదు, ఇంకో మంచి వకీలు దగ్గరికి పంపిస్తాను అని. తండా ఆమె కుర్చీలో నుంచి లేవలేదు.

"పంపుతె పోత బిడ్డా. ఆయన బాట కేసా, జనగామల ఒక పిల్లున్నది, ఆడికి పో అంటడు. మల్ల నీ కాడికే గద వచ్చుడు."

పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నాకున్న తోబుట్టువు వాడొక్కడే. అమ్మ, బాపు పోయాక పుట్టిల్లు అంటే వాడే. బతుకమ్మకు పిలుపు వాడి దగ్గర నుంచే రావాలి, నా పిల్లల పెండ్లిళ్లకు చీర పెట్టింది వాడే. ఈ తీగ తీయించబోతే ఆ గడప నాకు మూసుకుపోతుందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఆమెను కూర్చోబెట్టి, పిల్ల వంటింట్లోకి వచ్చి నన్ను ఒకటే అడిగింది. చిన్నప్పుడు తండావాళ్లు ఆ బాటన పోయేటప్పుడు తాతను అడిగి పోయేవాళ్లా, అడగకుండా పోయేవాళ్లా? ఎందుకు అంటే విడమరిచి చెప్పింది. పోయిన ప్రతిసారీ అడిగితే అది ఇచ్చినాయన దయ, ఎప్పుడైనా ఆపేయొచ్చు. ఏండ్ల తరబడి అడగకుండా పోతే అది వాళ్ల హక్కు. నేను యాదికి లేదన్నాను. పిల్ల మళ్లీ అడగలేదు. ఎసరు చూసి మంట తగ్గించి పోయింది.

యాదికి లేకపోవడం ఏమిటి. నిన్న జరిగినట్టుంది. బాపు మడిలో బావి తవ్వించాలనుకున్నాడు. కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిపిస్తే, సరిగ్గా బాట మీద నీళ్లున్నాయని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే బాపు తండాకు బయలుదేరాడు, నేను వెనక పడ్డాను. ఈమె మామ అప్పుడు ఆ తండాకు పెద్దమనిషి. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టారు, నాకు బెల్లం ముక్క ఇచ్చారు. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటుంటే బాపు చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాడు. బావి కోసం మీ బాటను కొంచెం పడమటికి జరుపుకుంటాను, మీకు సమ్మతమేనా అని అడిగాడు. భూమి బాపుది. అడిగింది బాపు. ఆ పెద్దమనిషి వచ్చి చూసి, ఇట్లా తిప్పుకోండి అని కాలితో గీత గీసి పోయాడు. మా తమ్ముడు అప్పటికి అమ్మ చంక దిగలేదు.

అన్నం వార్చి ముందటి అర్రలోకి పోయాను. తండా ఆమె గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది, ఎన్ని రోజులైందో నిద్రపోయి. పిల్లను లోపలికి పిలిచి అంతా చెప్పాను.

"మామ ముంగట చెప్తవా అమ్మా? చెప్పకున్నా నేనేమనుకోను."

ఆ పొద్దే ముగ్గురం బస్సెక్కాం. మేం పోయేసరికి ఆకాశం ఉత్తరాన నల్లబడింది. రోడ్డు మీద మిషన్ డ్రైవర్, ఇంకో ఊరివాళ్లు పిలుస్తున్నారు, పోతానని తొందరపెడుతున్నాడు. తమ్ముడు బావి గద్దె మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. మా వెనక తండా ఆమెను చూసి మళ్లీ కూర్చున్నాడు.

"బిడ్డను వకీలును జేసి నా మీదికే తోలుకొచ్చినవా అక్క."

"నేను వకీలుగ రాలే మామా. కోటు ఇంట్లనే పెట్టి వచ్చిన," అన్నది పిల్ల.

"కోటు లేకుంటె నీ నోరు ఊకుంటదా."

పిల్ల నవ్వేసి, నడుద్దాం రా మామా అన్నది. వాడు కదలలేదు. అప్పుడు నేనే చెప్పాను, బాపు తండాకు పోయిన సంగతి, మంచం, బెల్లం ముక్క, కాలితో గీసిన గీత, అన్నీ. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరిగిందో నడిచి చూపించాను. వాడు నేల చూస్తూ విన్నాడు.

"బాపు ఉంటె నేనే అడుగుదు."

"బాపు ఉంటె నువ్వు కడీలు పాతకపోదువు," అన్నాను.

చిన్నప్పటి నుంచీ వాడితో అట్లా మాట్లాడింది లేదు. అప్పుడు వాడు నోరు విప్పాడు. చెప్పింది బాట గురించి కాదు. పోయిన కోతప్పుడు మిషన్ ఎక్కి వాడి నీళ్ల పైపులు పగిలాయి. అడగబోతే తండా ఆమె కొడుకు, నీ పైపులు బాట మీద ఎందుకు పరిచినవ్ అని నలుగురి ముందు ఎదురు మాట్లాడాడు. తండా ఆమె ఆ మాట వినగానే, మా పోరడు అన్నది తప్పే అన్న, నాకు తెలువదు అన్నది. అంతే. ఆ ఒక్క మాట ఆ కొడుకు అప్పుడే అని ఉంటే మేమెవరమూ అక్కడ నిలబడేవాళ్లం కాదు. పైపులను లోతుగా మట్టిలో వేస్తే మిషన్ పోయినా ఏమీ కాదని పిల్ల చెప్పింది. వాడు లేచి పోయి తీగ విప్పాడు. ఈ పంటకు మట్టుకే అన్నాడు, నా దిక్కు చూడకుండా.

పొద్దు గూకేలోపల ఆమె వరి కోత అయిపోయింది. తమ్ముడు మమ్మల్ని ఇంటికి రమ్మనలేదు. మరదలు తలుపు దగ్గర నిలబడి ఉంది, రండి అనలేదు, పొమ్మనలేదు. కొడకండ్ల బస్టాండులో అరటిపండ్లు కొనుక్కుని తిని ఇల్లు చేరాం.

ఆ యేడు బతుకమ్మకు పుట్టింటి నుంచి పిలుపు రాలేదు. జనగామలోనే వాకిట్లో ఆడాను. సొంత మేనమామ తీగ తీయించిందట అన్న మాట మాత్రం మహబూబాబాద్ దాకా, చిట్యాల దాకా పోయింది. అంతకుముందు ఏండ్లకేండ్లు తిరిగితే రానంత మంది ఆ కొన్ని నెలల్లో వచ్చారు. బయట ఇంకో బల్ల వేయించాల్సి వచ్చింది. పిల్ల పేరు నిలబడింది, అది నిజం. దాని కష్టం కూడా నిజం. కానీ కొత్తగా వచ్చిన ఒక్కొక్కరికీ చాయ పోస్తుంటే, వీళ్లందరూ నా పుట్టింటి గడప మీద నుంచి నడిచి వచ్చారనిపించేది. పిల్లతో ఎప్పుడూ అనలేదు. దానికి తెలుసనే అనుకుంటాను. పండుగ రోజు నా పక్కనే కూర్చుని పూలు పేర్చింది, కోర్టు మాట ఒక్కటి ఎత్తలేదు.

చలికాలం వచ్చాక ఒక పొద్దున చాయ గ్లాసులు పట్టుకుని బయటికి వస్తే, ఆ బల్ల మీద తమ్ముడు. ఎప్పుడు వచ్చాడో, మహబూబాబాద్ వాళ్ల పక్కన తన వంతు కోసం కూర్చున్నాడు. వాడు గ్లాసు అందుకున్నాడు, తల ఎత్తలేదు. నేనూ పలకరించలేదు. పలకరిస్తే లేచి పోతాడేమోనని భయం.

వాడి వంతు వచ్చాక తలుపు పక్కన నిలబడి విన్నాను. తండా ఆమె బాటకు కాగితం రాసుకుందాం, సంతకం పెడతానన్నాడు. పిల్ల సంతోషంగా సరే మామా అన్నది. వాడు లేవలేదు. కాలువ అవతల తనకున్న మెట్ట చెలక ముందటి భూమిని ఎవరో పట్నం ఆయన కొని గోడ కట్టించాడట, గేటుకు తాళం వేశాడట. ట్రాక్టరు పోయేటట్టు లేదు, కంది కోతకొచ్చింది.

"ఎప్పుడు నడుద్దాం మామా?"

"నువ్వెప్పుడంటె అప్పుడు. మీ అమ్మను గూడ తీస్కరా. నాకంటె ఆమెకే యాదికుంటది."

పిల్ల ఆదివారం అన్నది. నేను వంటింట్లోకి పోయి పొయ్యి మీద ఇంకో ఎసరు పెట్టాను. అన్నం తింటున్నంతసేపు వాడు పిల్లతోనే మాట్లాడాడు, నాతో ఒక్క మాట లేదు. పప్పు ఇంకింత వేస్తే మాత్రం చేయి అడ్డం పెట్టలేదు.