ఎదుటి చెక్కకు తగిలి

మా అమీర్‌పేట హాస్టల్లో ఏ తగువైనా క్యారమ్స్ బోర్డు మీదే తేలేది. కూలర్ ముందు మంచం ఎవరిదో, పొద్దున మొదట స్నానం ఎవరిదో ఆటే నిర్ణయించేది. ఆ మే నెలలో మాత్రం తేలవలసింది ఉద్యోగం. పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మా సీనియర్, తన సిఫారసుతో ఒక్క రెజ్యూమే ఇవ్వగలనన్నాడు. మైత్రీవనంలో కోర్సు ముగించినవాళ్లం ఇద్దరం: నేను, నా గదిలోనే ఉండే నల్గొండ మిత్రుడు.

రెండు రోజులు ఒంటరిగా సాధన చేశాను. స్ట్రైకర్ బోర్డు అంచు చెక్కకు తగిలి, వెళ్లిన కోణంలోనే తిరిగి రాదు. ఎదురు వేగంలో కొంత చెక్క మింగుతుంది; పక్కకు జరిగే వేగంలో కొంత రాపిడి తినేస్తుంది. ఈ రెండు నష్టాలనూ కొలిచి, ఎక్కడ గురిపెడితే ఎక్కడికి వస్తుందో నోటుపుస్తకంలో గీసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం సీనియర్ రెండు రెజ్యూమేలూ ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆట చివరకు నాదొక తెల్లకాయ, ఎదురుగా కూర్చున్న మిత్రుడిదొక నల్లకాయ మిగిలాయి. అతనిది పాకెట్ అంచునే ఉంది. నాది నేను స్ట్రైకర్ పెట్టే గీత వెనుక పడింది. దాన్ని నేరుగా కొట్టకూడదు, స్ట్రైకర్ ఎదుటి చెక్కకు తగిలి వచ్చి కొట్టాలి. తప్పితే మరో అవకాశం లేదు.

"జర చూస్కో అన్నా, గీ దిక్కు చెక్క మంచిగ లేదు," అన్నాడు మిత్రుడు, తన వైపు అంచును వేలితో రుద్దుతూ.

"ఏంటి, భయపెడుతున్నావా?"

"ఉన్నదే చెప్తున్న. తర్వాత నన్ననకు."

"ఇంజినీర్ సాబ్, కొడ్తవా, లెక్కలే చేస్తవా?" అన్నాడు సీనియర్. "నాకు షిఫ్ట్ ఉన్నది."

పుస్తకంలోని చుక్కను గుర్తుచేసుకుని కొట్టాను. స్ట్రైకర్ ఎదుటి అంచుకు మొద్దుగా తగిలింది.  అది తిరిగి వచ్చి, నా కాయకు రెండు వేళ్ల దూరంలో ఆగింది.

మిత్రుడు వేలు విదిల్చాడు. నల్లకాయ పడిపోయింది.

సీనియర్ అతని రెజ్యూమేను బ్యాగులో పెట్టుకుని, నాది నా చేతికిచ్చాడు.

వాళ్లిద్దరూ చాయ్‌కి దిగాక ఎదుటి అంచును తడిమాను. చెమ్మకు మెత్తబడి ఉంది. ముందురోజు సాధన ముగించి, ఆ అంచే నేలకు ఆనేలా బోర్డును కూలర్ పక్కన నిలబెట్టింది నేనే. కూలర్ నుంచి నీళ్లు కారుతాయని గదిలో అందరికీ తెలుసు.

"అన్నా, దిగు! చాయ్ చల్లగైతది!" కింది నుంచి మిత్రుడి కేక.

బోర్డును ఎండ పడే కిటికీ దగ్గరికి మార్చి, దిగాను.